అమ్మకు ప్రవేశం లేని వార్డు

1949లో లండన్ ఆసుపత్రుల్లో పిల్లల వార్డులకు తల్లిదండ్రులను ఎప్పుడెప్పుడు రానిస్తారో వాకబు చేసి ఒకరు జాబితా అచ్చువేయించారు. గైస్ ఆసుపత్రిలో ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా. సెయింట్ బార్తలోమ్యూస్‌లో బుధవారం, 2 నుంచి 3.30 దాకా. వెస్ట్ లండన్ ఆసుపత్రిలో అసలు రానివ్వరు. సెయింట్ థామస్‌లో మొదటి నెలంతా పలకరించే వీలు లేదు, కాకపోతే రాత్రి 7, 8 గంటల మధ్య, బిడ్డ నిద్రలో ఉండగా వచ్చి చూసి పోవచ్చు. లండన్ హాస్పిటల్‌లో మూడేళ్లు నిండని పిల్లల దగ్గరికి ఎవరినీ పోనివ్వరు, అడ్డుగోడ ఇవతల నిలబడి చూసుకోవాల్సిందే.

నిద్రపోతున్నప్పుడు మాత్రమే కన్నబిడ్డను చూడాలన్న నియమం రాసింది రాతిగుండె మనుషులేమీ కాదు. పిల్లల మేలు కోరి, రాత్రింబవళ్లు వాళ్ల కోసం పాటుపడిన డాక్టర్లూ నర్సులే రాశారు. వందేళ్లకు పైబడిన ఈ ఆచారాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిని డాక్టర్ చార్లెస్ వెస్ట్ 1852లో పది మంచాలతో తెరిచాడు. అప్పటికి స్కార్లెట్ ఫీవర్, డిఫ్తీరియా, తట్టు, కోరింత దగ్గు ఏటా వేలాది పిల్లలను పొట్టన పెట్టుకుంటున్నాయి. యాంటీబయాటిక్ మందుల ఊసే లేని రోజులు. ఒక్క పిల్లవాడు అంటువ్యాధితో వస్తే వార్డంతా అంటుకునేది. బయటి మనుషులు తగ్గితే జబ్బులు తగ్గుతాయన్న ఆలోచనలో తప్పు లేదు. దానికి తోడు, వచ్చేవాళ్లంతా పేదవాళ్లు. వాళ్లకు శుభ్రత తెలియదనీ, తినకూడనివి తెచ్చి రహస్యంగా బిడ్డ నోట్లో పెడతారనీ ఆసుపత్రి పెద్దల నమ్మకం. భయం కొంత, చిన్నచూపు కొంత కలిసి వార్డు తలుపు మూసుకుంది.

బ్రిటన్‌లో అంటువ్యాధుల ఆసుపత్రులు ఇంకో అడుగు ముందుకు వేశాయి. బిడ్డను చేర్చుకున్నాక తల్లిదండ్రులకు ఒక నంబరు ఇచ్చేవారు. ఊళ్లో సాయంత్రం పత్రిక కొని చూసుకుంటే ఏ నంబరు ప్రమాదంలో ఉంది, ఏ నంబరుకు నయమవుతోంది, ఏ నంబరులో మార్పు లేదు అన్నది అచ్చులో కనిపించేది. తండ్రి పని నుంచి వస్తూ వీధి మలుపులో పత్రిక కొని, ముందు ఆ పేజీ తిప్పి, తన నంబరు ఏ వరసలో ఉందో వెతుక్కోవాలి.

అంటువ్యాధుల భయం కంటే గట్టిగా ఈ ఆచారాన్ని నిలబెట్టింది మరొకటి. తల్లి వచ్చి వెళ్లిన ఆదివారం సాయంత్రం వార్డంతా ఏడుపులు. తల్లి రాని సోమవారం నుంచి శనివారం దాకా నిశ్శబ్దం. నర్సులు కళ్లారా చూసిందే ఇది. తల్లి రావడం వల్లనే బిడ్డ ఏడుస్తోందని వాళ్లు తేల్చుకున్నారు. కొత్తగా చేరిన పిల్లవాడు రెండు మూడు రోజులు గుక్కపట్టి ఏడ్చి, తర్వాత ఊరుకుని, పెట్టింది తిని, ఎవరెత్తుకున్నా పోతుంటే, వాడు ‘కుదురుకున్నాడు’ అని రాసుకునేవారు. ఏడ్చే పిల్లకే పాలు అని మన సామెత. ఇక్కడ మాత్రం ఏడవని పిల్లకే మంచి మార్కులు.

పుస్తకాలు కూడా దీన్నే బలపరిచాయి. ప్రవర్తనా శాస్త్రానికి అమెరికాలో పెద్ద పేరుగా ఉన్న జాన్ వాట్సన్ 1928లో పిల్లల పెంపకం మీద పుస్తకం రాస్తూ, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని, ముద్దులు పెట్టవద్దని, పొద్దున లేవగానే చెయ్యి కలిపితే చాలునని తల్లులకు బోధించాడు. తల్లి ప్రేమ మితిమీరితే వచ్చే ప్రమాదం మీద అందులో ఒక అధ్యాయమే ఉంది. ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. మన ఇళ్లలో ఏ అమ్మమ్మకైనా చదివి వినిపించి ఉంటే పుస్తకం పొయ్యిలోకి పోయేది.

ఈ పద్ధతి మీద అనుమానం రాజేసినవి అనాథ శిశువుల గృహాల్లోని మరణాలు. అమెరికాలో డాక్టర్ హెన్రీ చేపిన్ 1915లో వేర్వేరు నగరాల్లోని పది శిశుగృహాల లెక్కలు బయటపెట్టాడు. ఒక్కదానిలో తప్ప మిగిలిన అన్నింటిలో రెండేళ్ల లోపు పిల్లలు అందరికందరూ చనిపోయారు. పాలు మార్చారు, గదులు కడిగారు, మంచాల మధ్య దూరం పెంచారు.

ఆ జాగ్రత్త ఎంతవరకు పోయిందంటే, బిడ్డను పెట్టెలో పెట్టేదాకా. న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రి డాక్టర్ హ్యారీ బాక్విన్ ఆ పెట్టె ఎలా ఉండేదో వర్ణించాడు. గాలి లోపలికి రావడానికి ఒక కవాటం, బయటికి పోవడానికి ఒక కవాటం. పక్కల్లో చొక్కా చేతుల్లాంటి గొట్టాలు. నర్సు వాటిలో చేతులు దూర్చి, బిడ్డకు తన ఒళ్లు తగలకుండా గుడ్డలు మార్చాలి. ముఖానికి మాస్కు, తలకు ముసుగు వేసుకున్న మనుషులు ధూళి రేగకుండా మెల్లగా కదులుతుండేవారు. అలాంటి చోట కావలసినంత పాలు తాగుతున్న బిడ్డలు బరువు పెరగరు, కారణం తెలియని జ్వరం తగ్గదు. ఇంటికి పంపేస్తే నాలుగు రోజుల్లో తేరుకుంటారు. 1931లో బెల్‌వ్యూ పిల్లల విభాగం బాధ్యత తీసుకున్నాక బాక్విన్ గోడల మీది బోర్డులు మార్పించాడు. అంతకుముందు, లోపలికి వచ్చే ముందు రెండుసార్లు చేతులు కడుక్కోవాలని రాసి ఉండేది. ఆ స్థానంలో, ఒక బిడ్డనైనా ఎత్తుకోకుండా ఈ గదిలోకి రావద్దని రాయించాడు. అంటురోగాలు పెరగలేదు సరికదా, తగ్గాయి. శిశువుల ఒంటరితనం మీద 1942లో ఆయన వ్యాసం రాసేనాటికి ఆ మాటను పట్టించుకున్న వైద్యులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

వియన్నాలో పుట్టి అమెరికా చేరిన మనోవిశ్లేషకుడు రెనె స్పిట్జ్ 1945లో రెండు చోట్ల పిల్లలను పోల్చి చూపాడు. ఒకటి శుభ్రతలో వంక పెట్టలేని శిశుగృహం. మంచి తిండి, రోజూ డాక్టరు, ఎనిమిది మంది పిల్లలకు ఒక నర్సు. మంచాల కమ్మీలకు దుప్పట్లు వేలాడదీసేవారు కాబట్టి పడుకున్న బిడ్డకు పైకప్పు తప్ప ఏమీ కనిపించదు. రెండోది జైలుకు అనుబంధంగా ఉన్న శిశుశాల. అక్కడ నేరం చేసి వచ్చిన ఆడపిల్లలే తమ బిడ్డలను స్వయంగా పెంచుకునేవారు. రెండేళ్లలో శిశుగృహంలోని 91 మంది పిల్లల్లో 34 మంది పోయారు. జైలు శిశుశాలలో ఒక్కరూ పోలేదు. శిశుగృహంలో బతికి మిగిలినవాళ్లలో చాలామందికి రెండు మూడేళ్లు దాటినా ఆసరా లేకుండా నడక రాలేదు, నాలుగైదు మాటలు మించి రాలేదు. స్పిట్జ్ పద్ధతిలో లోపాలున్నాయని 1955లో శామ్యూల్ పిన్నో తూర్పారబట్టాడు. ఆ విమర్శలో నిజం ఉంది. అయినా స్పిట్జ్ 1947లో తీసిన మూగ సినిమాలోని మొహాలను చూసినవాళ్లు వాటిని మరిచిపోవడం కష్టం.

చనిపోయినవాళ్ల లెక్క సరే, బతికి పెద్దయినవాళ్ల మాటేమిటి? వేల్స్‌లో క్రైగ్-ఎ-నోస్ అనే కోట ఉంది. ఒకప్పుడు ప్రసిద్ధ ఒపేరా గాయని అడెలీనా పాట్టీ ఇల్లు. 1922 నుంచి 1959 దాకా అది క్షయ శానిటోరియం. పిల్లలను నెలల తరబడి, కొందరిని ఏళ్ల తరబడి అక్కడ ఉంచారు. తల్లిదండ్రులు నెలకొకసారి రావచ్చు. చల్లగాలి వైద్యమని మంచాలను వరండాల్లో వేసేవారు, చలికాలంలో దుప్పట్ల మీద మంచు పడేది. మంచం దిగే పిల్లలను కట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. చిన్నతనంలో అక్కడ రోగిగా ఉన్న ఆన్ షా, వైద్య చరిత్రకారిణి కరోల్ రీవ్స్‌తో కలిసి ఆ నాటి పిల్లల జ్ఞాపకాలను పోగుచేసి 2009లో పుస్తకంగా తెచ్చారు. అప్పటికి వాళ్లంతా తాతలు, నానమ్మలు. ఎంతోమంది అంతవరకు ఎవరి దగ్గరా ఆ రోజుల గురించి నోరు విప్పలేదు.

ఈ బాధను సిద్ధాంతంగా మలిచినవాడు జాన్ బౌల్బీ. లండన్‌లో 1907లో పుట్టాడు, తండ్రి రాజుగారి సర్జన్. ఆ తరగతి ఇళ్లలో పిల్లలు ఆయాల చేతుల్లో పెరిగేవారు, సాయంత్రం టీ తర్వాత ఒక గంట తల్లి దర్శనం. బౌల్బీని పెంచిన ఆయా మిన్నీ అతనికి నాలుగేళ్లు నిండకముందే పని మానేసి వెళ్లిపోయింది. పెద్దయ్యాక కూడా ఆ వెలితిని ఆయన చెప్పుకున్నాడు. పిల్లల మానసిక వైద్యుడయ్యాక తన క్లినిక్‌కు వచ్చిన 44 మంది దొంగపిల్లల చరిత్రలు తవ్వి 1944లో ప్రచురించాడు. వాళ్లలో 14 మందికి ఎవరి మీదా మమత లేదు, తప్పు చేశామన్న బాధ లేదు. ఆ 14 మందిలో 12 మంది తొలి అయిదేళ్లలో తల్లికి చాలాకాలం దూరమైనవాళ్లే. మిగిలిన 30 మంది దొంగపిల్లల్లో అలాంటివాళ్లు అయిదుగురు. పిల్లలను పరీక్షించిందీ ఆయనే, తీర్పు చెప్పిందీ ఆయనే కాబట్టి ఈ లెక్కను కళ్లకద్దుకోనక్కర లేదు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయనను పిలిచి నివేదిక రాయమంది. తల్లి ఆలనకూ మానసిక ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద 1951లో వచ్చిన ఆ నివేదిక ఎన్నో భాషల్లోకి వెళ్లింది.

నివేదికలు గ్రంథాలయాలకు చేరాయి. వార్డు తలుపు మాత్రం తెరుచుకోలేదు. దాన్ని తెరిచినవాడు ఒకప్పుడు బాయిలర్‌లో బొగ్గు వేసిన మనిషి.

జేమ్స్ రాబర్ట్‌సన్ గ్లాస్గో దగ్గర ఒక కార్మిక కుటుంబంలో 1911లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టనని నిరాకరించాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు ఆనా ఫ్రాయిడ్ లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో బాంబుదాడులకు చెదిరిన కుటుంబాల పిల్లల కోసం నర్సరీలు తెరిస్తే, రాబర్ట్‌సన్ అక్కడ బాయిలర్ పనికీ చిల్లర మరమ్మతులకీ కుదిరాడు. భార్య జాయిస్ చంటిపిల్లలను చూసుకునేది. ఆనా ఫ్రాయిడ్‌ది ఒక వింత పట్టుదల. వంటవాళ్లయినా బాయిలర్ మనిషయినా సరే, పిల్లల్లో గమనించింది కార్డుల మీద రాసి ఇవ్వాలి. రాబర్ట్‌సన్ చూపు పదునెక్కింది అక్కడే.

యుద్ధం ముగిశాక 1948లో బౌల్బీ బృందంలో చేరిన రాబర్ట్‌సన్‌ను సెంట్రల్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి పిల్లల వార్డుకు పంపారు. నర్సులు పొందికైనవాళ్లు, దయగలవాళ్లు. ‘కుదురుకున్న’ పిల్లల మధ్య అతను రోజుల తరబడి కూర్చున్నాడు. తర్వాత వాళ్లు ఇంటికి వెళ్లాక ఇళ్లకూ వెళ్లి చూశాడు. క్రమంగా అతనికి మూడు దశలు కనిపించాయి. మొదట తిరుగుబాటు: అరుపులు, తలుపు వైపు పరుగులు. తర్వాత నిరాశ: మంచం మూల ముడుచుకుని, అడిగినా పలకకుండా ఉండటం. మూడోది వైద్యులు మెచ్చుకునే దశ. బిడ్డ నవ్వుతుంది, ఆడుతుంది, ఎవరి దగ్గరికైనా పోతుంది. తల్లి వస్తే మాత్రం కొత్త మనిషిని చూసినట్టు చూస్తుంది. ఇంటికి వెళ్లాక పక్క తడపడం, కొంగు వదలకపోవడం, తల్లిని కొట్టడం, నిద్రలో ఉలిక్కిపడటం మొదలవుతాయి. ఆసుపత్రి కాగితాల్లో నయమై వెళ్లినట్టే రాసి ఉంటుంది. తల్లి బెంగ అంటారు దీన్ని మనవాళ్లు.

చెబితే ఎవరూ నమ్మలేదు. వార్డు పని తెలియనివాడివి, లేనిపోనివి ఊహిస్తున్నావన్నారు. అయితే చూపిస్తానన్నాడు. అంతవరకు సినిమా కెమెరా పట్టి ఎరగడు. 16 మిల్లీమీటర్ల కెమెరా సంపాదించాడు. తనకు నచ్చిన ముక్కలే ఏరి తీశాడన్న మాట పడకుండా రోజుకు రెండు నిర్ణీత వేళల్లోనే, గోడ గడియారం కూడా కనబడేలా తీశాడు. బిడ్డను కూడా తన ఇష్టప్రకారం ఎంచుకోలేదు, జాబితాలోంచి ఎలా వస్తే అలా తీసుకున్నాడు. ఆ లాటరీలో వచ్చింది లారా. వయసు రెండేళ్ల అయిదు నెలలు. బొడ్డు దగ్గర హెర్నియాకు చిన్న ఆపరేషన్, ఎనిమిది రోజుల మకాం.

నిజానికి లారా తీయవలసిన పిల్ల కాదు అనిపించింది అతనికి. వయసుకు మించిన నిబ్బరం, అంత తేలిగ్గా ఏడవదు. మొదటిరోజు నర్సు స్నానం చేయించబోతే మాత్రం బట్టల్లేకుండానే తలుపు దగ్గరికి పరుగెత్తి అమ్మ కోసం ఏడ్చింది. ఆ తర్వాత రోజుల్లో ఆ పిల్ల ఏడుపును మింగడం తెర మీద కనిపిస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న టెడ్డీనీ తన దుప్పటి ముక్కనూ గట్టిగా పట్టుకుంటుంది. మధ్యమధ్య, ఆడుతూ ఆడుతూ, ఎవరినీ అడుగుతున్నట్టు కాకుండా, అమ్మ ఎక్కడని గొణుక్కుంటుంది. తల్లి వచ్చినప్పుడు మొహం తిప్పుకుంటుంది. చివరిరోజు ఇంటికి బయల్దేరుతూ తన సామానంతా, చిరిగిపోయిన పుస్తకంతో సహా, ఏదీ వదలకుండా పోగుచేసుకుంటుంది. తల్లి చెయ్యి అందిస్తే పట్టుకోదు. సినిమాలో గుండెలు బాదుకునే దృశ్యం ఒక్కటీ లేదు. కొన్ని నెలల తర్వాత లారా అనుకోకుండా ఆ సినిమా చూసి, అంతసేపూ నువ్వెక్కడున్నావని తల్లిని కోపంగా నిలదీసింది.

1952 నవంబరులో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో డాక్టర్లూ నర్సులూ నిండిన సభలో ‘రెండేళ్ల పాప ఆసుపత్రికి వెళ్తుంది’ అన్న ఆ సినిమా వేశారు. దీపాలు వెలిగేసరికి సభ భగ్గుమంది. ఇది పిల్లల వైద్యులకు అవమానమన్నారు. మా వార్డుల్లో పిల్లలు సంతోషంగా ఉంటారన్నారు. లారా అందరిలాంటి పిల్ల కాదన్నారు.

అలా మండిపడినవాళ్లలో డెర్మాడ్ మెకార్తీ ఒకరు. ఎమర్షమ్ పట్టణంలో పిల్లల వైద్యుడు. కోపంగానే తన వార్డుకు తిరిగి వెళ్లాడు. కానీ సినిమా చూసి వచ్చిన చెవులతో వింటే, రోజూ వింటున్న ఏడుపులే కొత్తగా వినిపించాయని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. తల్లులను వార్డులో ఉండనిచ్చాడు. రాబర్ట్‌సన్ రెండో సినిమా 1958లో ఆయన వార్డులోనే తీశాడు. ఈసారి తల్లితో పాటు ఆసుపత్రికి వెళ్లిన శాలీ అనే పాప.

మెకార్తీ చేసింది కొత్త ప్రయోగమూ కాదు. న్యూకాసిల్‌లో జేమ్స్ స్పెన్స్ 1920ల నుంచే తన శిశు ఆసుపత్రిలో తల్లులకు గదులిచ్చి, బిడ్డల సేవ వాళ్లతోనే చేయించేవాడు. పాతికేళ్లు ఆ వార్డు కళ్లముందే నడిచినా తక్కిన దేశం దాన్ని ఒక డాక్టరు సరదాగా చూసింది. మంచి ఉదాహరణ ఉంటే అదే పాకుతుందని నమ్మేవాళ్లు ఈ పాతికేళ్ల సంగతి ఒకసారి ఆలోచించాలి.

చివరికి ప్రభుత్వం కమిటీ వేసింది. అధ్యక్షుడు సర్ హ్యారీ ప్లాట్ ఎముకల సర్జన్. చిన్నతనంలో మోకాలికి క్షయ సోకి చాలాకాలం మంచం పట్టిన మనిషి. ప్లాట్ కమిటీ 1959లో ఇచ్చిన నివేదిక, తల్లిదండ్రులను ఏ వేళలోనైనా రానివ్వాలనీ, అయిదేళ్ల లోపు పిల్లలతో పాటు తల్లిని కూడా చేర్చుకోవడానికి ఏర్పాట్లు ఉండాలనీ చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకుంది. ఆసుపత్రులు చాలావరకు బీరువాలో పెట్టి తాళం వేశాయి.

ఇక కదిలింది తల్లులు. రాబర్ట్‌సన్ 1961లో పత్రికల్లోనూ బీబీసీ టెలివిజన్‌లోనూ నేరుగా తల్లిదండ్రులతోనే మాట్లాడి, మీ అనుభవాలు రాయమన్నాడు. ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. అదే ఏడాది లండన్‌లోని బాటర్సీ ప్రాంతపు తల్లులు కొందరు సంఘంగా ఏర్పడి, ప్లాట్ నివేదిక ప్రతులు చేతబట్టుకుని ఆసుపత్రుల గుమ్మాలెక్కడం మొదలుపెట్టారు. మీ ప్రభుత్వం ఒప్పుకున్నది మీరెందుకు చేయడం లేదని అడిగారు. సంఘం దేశమంతా శాఖలు వేసింది. అప్పటికి కూడా ఆ మార్పు పూర్తవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఇంతకీ ఆ ఎనిమిది రోజుల బెంగ జీవితాంతం ఉంటుందా? దీనికి జవాబు చెప్పగల ఒక లెక్క బ్రిటన్‌లో సిద్ధంగా ఉంది. 1946 మార్చిలో ఒకే వారంలో పుట్టిన 5,362 మందిని అక్కడి పరిశోధకులు ఏళ్ల తరబడి వెంబడించారు. ఆ జట్టును నడిపిన జేమ్స్ డగ్లస్ 1975లో తేల్చింది ఇది: అయిదేళ్ల లోపు వారం మించి ఆసుపత్రిలో ఉన్న పిల్లల్లో, మళ్లీ మళ్లీ చేరినవాళ్లలో, కౌమారం నాటికి చదువులోనూ ప్రవర్తనలోనూ ఇబ్బందులు ఎక్కువ. మైకేల్ రటర్, డేవిడ్ క్వింటన్ మరుసటి ఏడాది ఇంకో జట్టు పిల్లలను చూసి ఒక ఊరట మాట చేర్చారు. ఒక్కసారి కొద్దిరోజులు ఉండి వచ్చిన పిల్లల్లో శాశ్వతమైన మచ్చ కనిపించలేదు. పదే పదే చేరినవాళ్లలో, అందునా ఇంట్లో అప్పటికే కష్టాలున్న పిల్లల్లో, ముప్పు ఎక్కువ.

బౌల్బీ తప్పటడుగు కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన రాసినదాన్ని పట్టుకుని, పిల్లల్లో వచ్చే ప్రతి తేడాకూ తల్లినే బోనులో నిలబెట్టడం ఒక ఫ్యాషనయింది. యుద్ధం ముగిశాక ఫ్యాక్టరీల నుంచి ఆడవాళ్లను ఇంటికి పంపడానికి, శిశుపాలన కేంద్రాలు మూయడానికి అది బాగా పనికొచ్చింది. రటర్ 1972లో రాసిన పుస్తకంలో ఈ ముడిని విడదీశాడు. తల్లి పనికి వెళ్లి సాయంత్రం రావడం వేరు, బిడ్డకు తనదనుకునే మనిషే లేకపోవడం వేరు. ఆ మనిషి తండ్రి కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, ఒకరికి మించి ఉండవచ్చు. ఉమ్మడి కుటుంబాలు చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర లేని సంగతి.

అలాంటి మనిషి ఒక్కరూ లేకపోతే ఏమవుతుందో రుమేనియా చూపించింది. జనాభా పెంచాలని చౌసెస్కూ ప్రభుత్వం 1966లో 770వ నంబరు శాసనంతో గర్భస్రావాన్ని నిషేధించింది. పెంచలేని పిల్లలను ప్రభుత్వ గృహాల్లో వదిలేశారు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలి తలుపులు తెరిచేసరికి లోపల లక్షకు పైగా పిల్లలున్నారు. విదేశీ విలేఖరులను గగుర్పొడిచేలా చేసింది ఆ గదుల్లోని నిశ్శబ్దం. ఏడ్చినా ఎవరూ రారని తెలిసిన పిల్లలు ఏడుపు మానేశారు.

బుకారెస్ట్‌లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 136 మంది పిల్లలను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. నాలుగున్నరేళ్ల వయసులో తెలివితేటల పరీక్ష పెడితే గృహంలోనే ఉన్నవాళ్ల సగటు 73, పెంపుడు ఇళ్లకు వెళ్లినవాళ్లది 81, కన్నవాళ్ల దగ్గరే పెరిగిన అదే ఊరి పిల్లలది 109. రెండేళ్ల లోపు ఇంటికి చేరినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. బ్రిటన్ ఇళ్లకు దత్తత వెళ్లిన 165 మంది రుమేనియా పిల్లలను రటర్ బృందం యుక్తవయసు దాకా గమనించింది. ఆరు నెలల లోపు బయటపడినవాళ్లు దాదాపు అందరిలాగే పెరిగారు. ఆరు నెలలు దాటినవాళ్లలో చాలామందికి ధ్యాస నిలవకపోవడం, మనుషులతో కలవలేకపోవడం, పెద్దయ్యాక కుంగుబాటు వెంటాడాయి. అయితే అలా ఆరు నెలలు దాటి ఉన్నవాళ్లలో కూడా ప్రతి అయిదుగురిలో ఒకరికి జీవితంలో ఏ దశలోనూ ఏ మానసిక ఇబ్బందీ రాలేదని 2017లో వచ్చిన ఫలితాలు చెబుతున్నాయి. తొలి ఏళ్లే తలరాత అనేవాళ్లు ఆ అయిదోవాడిని లెక్కలోంచి తీసేస్తున్నారు.

మన దగ్గర ఈ ఆచారం ఎప్పుడూ పూర్తిగా వేళ్లూనుకోలేదు. నీలోఫర్‌లోనో విశాఖ కేజీహెచ్‌లోనో పిల్లల వార్డు చూస్తే ప్రతి మంచానికీ ఒక అమ్మ, మంచం కింద ఒక క్యారియర్, వరండాలో చాప పరుచుకుని ఒక నాన్న. దీనికి కారణం మన ఆసుపత్రులు రాబర్ట్‌సన్ సినిమా చూడటం కాదు. నర్సులు చాలరు కాబట్టి మనిషి తోడుంటేనే పని జరుగుతుంది. లేమి వల్ల నిలిచిన మంచి ఇది.

ఆ లేమి తీరుతున్న కొద్దీ తలుపు మూసుకోవడం మొదలైంది. ఇంక్యుబేటర్లతో, మానిటర్లతో నవజాత శిశువుల ఐసీయూలు వచ్చాయి. నెలలు నిండని బిడ్డ లోపల, బాలింత ఇంకో అంతస్తులో లేదా ఇంటి దగ్గర. గాజు అద్దంలోంచి పది నిమిషాలు చూపించడం, పిండిన పాలు గిన్నెలో పంపడం. అడిగితే చెప్పే కారణం 1852 నాటిదే: ఇన్ఫెక్షన్ వస్తుంది.

ఈ భయానికి జవాబు పేద దేశాల నుంచే వచ్చింది. కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే 1970ల చివర, ఇంక్యుబేటర్లు చాలక, బరువు తక్కువ బిడ్డలను తల్లి గుండెలకు ఆనించి కట్టించాడు. కంగారూ మదర్ కేర్ అని ఇప్పుడు అందరూ అంటున్నది అదే. బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే దాన్ని మొదలుపెట్టాలని చాలాకాలం అనుకున్నారు. భారత్, ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లోని అయిదు ఆసుపత్రుల్లో, మన దేశం తరఫున ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌లో, 3,211 మంది శిశువులతో దీన్ని పరీక్షించారు. కొందరు తల్లులను పుట్టిన వెంటనే బిడ్డతో పాటే ఐసీయూలో ఉంచారు. 2021లో ఫలితం వచ్చింది. పాత పద్ధతిలో నెల లోపు మరణాలు 15.7 శాతం, తల్లి వెంటే ఉన్న బిడ్డల్లో 12 శాతం. తల్లి లోపలుంటే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయన్నారు కదా, అవీ తగ్గాయి. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే సిఫారసు చేసింది. అంతకంటే ముందే, 2017లో, నవజాత శిశువుల వార్డుల్లో కుటుంబసభ్యులకు భాగం కల్పించాలని మన కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది.

కాబట్టి ఇంట్లో నెలలు నిండని బిడ్డ పుట్టి, ఐసీయూ తలుపు దగ్గర నిలబడాల్సి వస్తే, బిడ్డ బరువెంతని అడిగి ఊరుకోకండి. కంగారూ కేర్ ఎప్పుడు మొదలుపెడతారు, తల్లి లోపల ఎంతసేపు ఉండవచ్చు, తల్లికి ఒంట్లో బాగా లేకపోతే తండ్రి గానీ అమ్మమ్మ గానీ కూర్చోవచ్చా అని కూడా అడగండి. కుదరదంటే, ప్రభుత్వ మార్గదర్శకాలు ఉన్నాయి కదా అని మర్యాదగా గుర్తుచేయండి. బాటర్సీ తల్లులు చేసింది ఆ పనే.